రొమ్ములు తగ్గించే ఆపరేషన్‌లో ఎంత తీస్తారని కాదు, ఎంత మిగులుస్తారని అడగండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండు రొమ్ములూ బాగా బరువు, అందులోనూ కుడిది ఎడమదానికంటే ఎవరికైనా తెలిసిపోయేంత పెద్దది. భుజాల మీద బ్రా పట్టీలు గాడి పడిపోయాయి, మెడ నొప్పి, రొమ్ము కింద మడతలో చర్మం ఒరుసుకుపోయి పుండ్లు. ఒక సర్జన్ "కుడివైపు 900 గ్రాములు, ఎడమవైపు 500 గ్రాములు తీసేస్తాం, రెండూ సమానమైపోతాయి" అన్నారు. రెండో ఆయన గ్రాముల మాటే ఎత్తలేదు, నిలబెట్టి టేపుతో చాలాసేపు కొలిచారు, మచ్చలు ఎలా వస్తాయో కాగితం మీద గీసి చూపించి పంపించారు. ఎవరి మాట నమ్మాలి అన్నది మీ సందేహం. నేను ప్లాస్టిక్ సర్జన్‌ని, ఈ ఆపరేషన్ చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మిమ్మల్ని పరీక్ష చేయకుండా మీకు ఫలానా పద్ధతే సరైనదని చెప్పడం తప్పవుతుంది గానీ, టేపు తీసిన ఆయన వైపే నా మొగ్గు.

మొదటాయన అబద్ధం చెప్పారని కాదు. ఆపరేషన్‌కి ముందు సుమారుగా ఎంత తీయాల్సి వస్తుందో మేమందరం అంచనా వేస్తాం, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే రాసి కూడా ఇస్తాం. కానీ ఆ అంకె ప్లాన్ కాదు. తీసిన ముక్క బరువు బకెట్లో పడేదాని గురించి చెప్తుంది, మీ ఒంటి మీద ఉండిపోయేదాని గురించి ఏమీ చెప్పదు. పైగా కొవ్వు తేలిక, పాలగ్రంథి కణజాలం కాస్త బరువు. ఒకవైపు కొవ్వు ఎక్కువ, ఇంకోవైపు గ్రంథి ఎక్కువ ఉంటే (రెండు వైపులా తేడా ఉన్నవాళ్లలో ఇది ఉండేదే) తూకం సరిపోయినా సైజు సరిపోదు. అందుకే హెచ్చుతగ్గులున్న రొమ్ములకు ప్లాన్ వేసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది చివరికి ఎంత మిగలాలి, ఎక్కడ మిగలాలి, దానికి రక్తం ఎటు నుంచి అందాలి అన్న మూడే.

అంతకంటే ముందు ఇంకో మాట. కుడిది ఎప్పటి నుంచి పెద్దది? పెద్దమనిషి అయినప్పటి నుంచీ అలాగే ఉంటే కంగారు లేదు, చాలామంది ఆడవాళ్లకు రెండు వైపులా కొద్దో గొప్పో తేడా ఉంటుంది, బరువు పెరిగేకొద్దీ, కాన్పుల తర్వాత ఆ తేడా ఇంకా బయటపడుతుంది. అలా కాకుండా ఈ ఏడాది రెండేళ్లలోనే ఒకవైపే పెరిగిందంటే మాత్రం ఆపరేషన్ డేట్ గురించి కాదు, లోపల ఏముందో ముందు చూడాలి. పెద్ద ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ), ఫిలోడీస్ అనే ఇంకో రకం గడ్డ, అరుదుగా ఇంకా పెద్ద జబ్బులు కూడా ఒక రొమ్మునే పెంచుతాయి. చేత్తో పరీక్ష, అల్ట్రాసౌండ్, అనుమానం ఉంటే సూది బయాప్సీ. 40 దాటినవాళ్లకు, ఇంట్లో రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లకు మామోగ్రామ్ లేకుండా నేను కత్తి పట్టను. మీ వయసుకి అల్ట్రాసౌండ్ చాలవచ్చు, అది డాక్టర్ చూసి చెప్పాలి. ఆపరేషన్‌లో తీసిన కణజాలం కూడా కుడి, ఎడమ అని వేర్వేరు డబ్బాల్లో, పేరు రాసి ల్యాబ్‌కి వెళ్లాలి. రెండూ ఒకే డబ్బాలో పడేస్తే, తర్వాత రిపోర్టులో ఏదైనా తేలినప్పుడు అది ఏ వైపుదో చెప్పేవాడుండడు. అరుదే, కానీ మామూలు తగ్గింపు అనుకుని పంపిన ముక్కలో క్యాన్సర్ బయటపడటం జరిగే విషయమే.

ఇప్పుడు కొలతల సంగతి. ఇవన్నీ నిలబెట్టో, నిటారుగా కూర్చోబెట్టో తీసుకోవాలి, పడుకున్న మనిషి రొమ్ము పక్కకు జారిపోతుంది కాబట్టి ఆ కొలతకు విలువ లేదు. గొంతు కింద గుంట నుంచి చనుమొన దాకా ఎంత, చనుమొన నుంచి కింద మడత దాకా ఎంత, రొమ్ము పునాది అడ్డంగా ఎంత వెడల్పు, నడిగీత నుంచి చనుమొన ఎంత దూరం, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం ఎంత పెద్దది, ఇవీ మామూలుగా చూసేవి. ఉదాహరణకు గుంట నుంచి చనుమొనకు కుడివైపు 33 సెంటీమీటర్లు, ఎడమవైపు 29 ఉందనుకోండి. ఆ 4 సెంటీమీటర్ల తేడా చూసి "కుడిది 4 ఎక్కువ ఎత్తితే సరి" అనిపిస్తుంది. అదే ఉచ్చు. ఆ తేడాలో కొంత చర్మం సాగింది, కొంత బరువు లాగింది, కొంత కింద మడతే కిందికి ఉంది, కొంత ఛాతీ ఎముకల గూడే అటు ఇటుగా ఉంది. ఏది ఎంతో విడదీయకుండా టేపు మీది అంకెను నేరుగా గీతగా మార్చేస్తే ఆపరేషన్ టేబుల్ మీద ఇబ్బంది పడతాం.

ముఖ్యంగా మడత. రెండు రొమ్ముల కింది మడతలు ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అన్నది అద్దంలో మీరే చూసుకోవచ్చు, రెండు చేతులతో రొమ్ములు పైకి ఎత్తి పట్టుకుని. చాలామందికి ఒకటి కాస్త కిందికే ఉంటుంది. సైజు ఎంతైనా తగ్గించవచ్చు గానీ మడతను ఇష్టం వచ్చినట్టు పైకీ కిందికీ జరపడం కష్టం, జరిపినా కొంతవరకే. వెన్నెముక పక్కకు వంగి ఉన్నవాళ్లకు, పక్కటెముకలు ఒకవైపు ముందుకు పొడుచుకొచ్చినవాళ్లకు, ఒక భుజం కిందికి దిగినవాళ్లకు ఆపరేషన్ ఎంత బాగా చేసినా ఆ తేడా అలాగే ఉంటుంది, ఎందుకంటే అది రొమ్ములో లేదు, దాని వెనక ఉంది. దీన్ని ఆపరేషన్‌కి ముందే అద్దం ముందు నిలబెట్టి చూపించాలి. ముందు చెప్తే వివరణ, తర్వాత చెప్తే సాకు.

చనుమొన కొత్తగా ఎక్కడ కూర్చోవాలన్నది ఈ ప్లాన్ అంతటికీ గుండెకాయ. మామూలుగా మేము చేసేది ఏంటంటే, రొమ్ము కింద మడతలో వేలు పెట్టి, ఆ ఎత్తును ముందువైపు చర్మం మీదకు తెచ్చి అక్కడ చుక్క పెడతాం. గొంతు గుంట నుంచి సుమారు 21 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య పడుతుంది, పొడుగు మనిషైతే ఇంకాస్త కిందికి. రెండు వైపులా ఒకే ఎత్తులో పెట్టాలి కదా అనుకుంటారు. కాదు. పెద్ద రొమ్ము వైపు చుక్కను అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు కిందికి పెడతాను. బరువు ఎక్కువున్న వైపు పై చర్మం ఎక్కువ సాగి ఉంటుంది, లోపలి బరువు తీసేయగానే ఆ చర్మం పైకి లాక్కుపోతుంది, దాంతోపాటు చుక్క కూడా పైకి పోతుంది. నిలబెట్టినప్పుడు సమానంగా గీసిన గీతలు కుట్లు పడ్డాక అసమానం కావడానికి ముఖ్య కారణం ఇదే. ఇంకో సంగతి, చనుమొన కాస్త కిందికి ఉంటే తర్వాత చిన్న ఆపరేషన్‌తో పైకి తేవచ్చు. పైకి వెళ్లిపోతే, అంటే బ్రా అంచు దాటి కనిపించేంత పైకి పోతే, దాన్ని దించడం మహా కష్టం, పై భాగంలో కొత్త మచ్చ లేకుండా దాదాపు కుదరదు. అందుకే సందేహం వచ్చిన ప్రతిసారీ కిందికే గీయాలి.

మీరు భయపడుతున్నట్టు చనుమొనను కోసి పక్కన పెట్టి మళ్లీ అతికించడం సాధారణంగా ఉండదు. దాన్ని లోపలి కణజాలంతో కలిపి ఒక కాడలాగా వదిలేస్తాం, రక్తనాళాలు, నరాలు ఆ కాడలోంచే వస్తాయి, దాని చుట్టూ ఉన్న అదనపు మాంసం తీసి, కాడను పైకి తిప్పి కొత్త చోట కూర్చోబెడతాం. దీన్నే పెడికిల్ అంటారు. కింద నుంచి వచ్చే కాడ పాత పద్ధతి, నమ్మకమైనది, చాలా పెద్ద రొమ్ములకు కూడా పనికొస్తుంది. దాని ఇబ్బంది ఏంటంటే బరువంతా కిందే మిగులుతుంది, కొన్నేళ్లకు కింది భాగం ఉబ్బి జారిపోయి చనుమొన పైకి చూస్తున్నట్టు అవుతుంది. పైనుంచి, లోపలివైపు నుంచి వచ్చే కాడలో పై భాగం నిండుగా ఉంటుంది, తీయాల్సిన మాంసం కింద, బయటివైపు నుంచే తీస్తాం కాబట్టి రూపం ఎక్కువకాలం నిలుస్తుందని నా అభిప్రాయం. ఛాతీ మధ్య ఎముక పక్కన రెండో, మూడో పక్కటెముకల మధ్య నుంచి వచ్చే నాళాలు దీనికి రక్తం ఇస్తాయి. చనుమొన స్పర్శకు ముఖ్యమైనది నాలుగో పక్కటెముక కింది నరం, అది ఎక్కువగా బయటివైపు నుంచి లోతుగా వస్తుంది, కాబట్టి ఏ కాడ అయినా ఛాతీ కండ మీద పలచని పొర కణజాలం వదిలి పని చేయడం మంచిది.

రెండు వైపులా తేడా ఉన్నప్పుడు కూడా రెండింటికీ ఒకే రకం కాడ వాడటమే నాకిష్టం. ఒకదానికి కింది కాడ, ఇంకోదానికి పై కాడ చేస్తే టేబుల్ మీద సమానంగా కనిపించినవి అయిదేళ్లకు వేర్వేరుగా జారతాయి. దీనితో ఒప్పుకోని సర్జన్లు ఉన్నారు, ఒకవైపు మరీ భారీగా ఉంటే నేనూ మార్చాల్సి వస్తుంది. అలాంటి చోట చనుమొనను పూర్తిగా తీసి చర్మపు అతుకులా మళ్లీ పెట్టే పద్ధతి (మాక్స్ థోరెక్ అనే సర్జన్ 1922లో రాసినది) ఇప్పటికీ ఉంది. చాలా పొడవాటి కాడ కావాల్సి వచ్చినప్పుడు, సిగరెట్ మానని వాళ్లలో, రక్త ప్రసరణ మీద నమ్మకం లేనప్పుడు అది చనుమొనను కాపాడే ఉపాయం. బదులుగా స్పర్శ బాగా తగ్గుతుంది, పాలు రావు, రంగు మచ్చలుగా మారవచ్చు. మీరు చెప్పిన సైజుకి అది అవసరం పడే అవకాశం తక్కువ.

మచ్చల గురించి ఆ రెండో సర్జన్ గీసిన బొమ్మ ఏదై ఉంటుందో ఊహించగలను. చనుమొన చుట్టూ ఒక గుండ్రం, దాని కింద నిలువు గీత, ఇంకా మడత వెంట అడ్డంగా ఒక గీత ఉంటే అది లంగరు ఆకారం. రాబర్ట్ వైజ్ అనే సర్జన్ 1956లో బ్రా నమూనాల ఆధారంగా తయారు చేసిన గీత అది, చర్మం బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు ఈనాటికీ అదే గట్టిది. అడ్డగీత లేకుండా గుండ్రం, నిలువు మాత్రమే ఉంటే వర్టికల్ పద్ధతి, మచ్చ తక్కువ, కానీ మొదట్లో కొన్ని వారాలు కింద చర్మం ముడతలు పడి వికారంగా ఉంటుంది, ఓపిక కావాలి. ఒకవైపు పెద్దది, ఇంకోవైపు చిన్నది అయినప్పుడు పెద్దదానికి లంగరు, చిన్నదానికి నిలువు చేద్దామన్న ఆశ పేషెంటుకీ, సర్జన్‌కీ ఇద్దరికీ పుడుతుంది. చేయకూడదని లేదు. నేను మాత్రం వీలైనంతవరకు రెండింటికీ ఒకటే గీస్తాను, కంటికి మచ్చ తేడా సైజు తేడాకంటే త్వరగా పట్టేస్తుంది కాబట్టి.

ఆపరేషన్ రోజు పొద్దున, మత్తుకి ముందు, మిమ్మల్ని నిలబెట్టి భుజాలు వదులుగా పెట్టమని మార్కర్ పెన్‌తో గీస్తారు. మొదట గొంతు గుంట నుంచి బొడ్డు వైపు నడిగీత, తర్వాత రెండు మడతలు, తర్వాత కాలర్ ఎముక మధ్య నుంచి రొమ్ము మధ్యకు దిగే గీత, ఆ గీత మీద కొత్త చనుమొన చుక్క. తర్వాత రొమ్మును లోపలికీ, బయటికీ మెల్లగా నెట్టి రెండు నిలువు గీతలు. గీశాక సర్జన్ రెండడుగులు వెనక్కి వెళ్లి చూస్తారు, ఫోటో తీస్తారు, ఒక్కోసారి ఒక గీత స్పిరిట్‌తో తుడిచి మళ్లీ గీస్తారు. ఈ పనికి తొందర పడని సర్జన్ దొరికితే మీ అదృష్టం. మీరు కూడా అక్కడ అద్దం అడగండి, చుక్కలు ఎక్కడ పడ్డాయో చూడండి. మత్తులోకి వెళ్లాక అడగడానికి ఉండదు.

ఆపరేషన్ థియేటర్ లోపల నా పద్ధతి చిన్నదానితో మొదలుపెట్టడం. ఎడమది ఎంతవరకు తగ్గించవచ్చో, మీకు ఎంత మిగలాలని ఉందో అది తేలితే, కుడిదాన్ని దానికి తగ్గట్టు తేవాలి. ముందే పెద్దదాన్ని బాగా తగ్గించేసి, ఆ తర్వాత చిన్నదాన్ని దానికి సరిపోయేలా ఇంకా ఇంకా కోస్తూ పోతే రెండూ మీరు అనుకున్నదానికంటే చిన్నవైపోతాయి. తీసిన ముక్కలన్నీ తూకం వేస్తాం, ఆ లెక్క ఒక హద్దు దాటకుండా చూసుకోవడానికి పనికొస్తుంది, అంతే. అసలు తీర్పు కంటిది. చర్మాన్ని స్టేపుల్స్‌తో తాత్కాలికంగా మూసి, టేబుల్ తలవైపు ఎత్తి మిమ్మల్ని మత్తులోనే కూర్చోబెడతారు, రెండు చేతులూ సమానంగా ఉన్నాయో లేదో మత్తు డాక్టర్‌తో సరిచూసుకుని, కాళ్ల దగ్గర నిలబడి చూస్తారు. పడుకోబెట్టి సమానంగా ఉన్న రొమ్ములు కూర్చోబెట్టగానే అడ్డం తిరగడం మామూలే. అప్పుడు ఒకవైపు బయటి అంచు నుంచి ఇంకో 40 గ్రాములో 60 గ్రాములో తీయడం, మళ్లీ మూసి చూడటం. చంక కింద పక్కన మిగిలిన కొవ్వును లైపోసక్షన్‌తో తీసి సర్దుబాటు చేయడం కూడా ఈ దశలోనే. మీ సర్జన్‌ని "మధ్యలో కూర్చోబెట్టి చూస్తారా?" అని అడగండి, జవాబు వెంటనే రావాలి.

పూర్తి సమానం అవుతాయా అంటే, కావు. బట్టల్లో తెలియనంత దగ్గరగా వస్తాయి, అద్దంలో వెతికితే చిన్న తేడా దొరుకుతుంది. ఎవరైనా రాసిచ్చినంత గట్టిగా "సమానం" అంటే జాగ్రత్త పడండి. "కచ్చితంగా ఈ కప్పు సైజు వస్తుంది" అన్న మాట కూడా అంతే, ఒక కంపెనీ కప్పు ఇంకో కంపెనీలో వేరే సైజు. తర్వాత బరువు పెరిగినా, తగ్గినా, మళ్లీ గర్భం వచ్చినా రెండు వైపులా ఒకేలా స్పందించవు, బరువు మారినప్పుడు కొవ్వు ఎక్కువున్న వైపు ఎక్కువ మారుతుంది. అందుకే బరువు తగ్గే ఆలోచన ఉంటే అది ముందు కానివ్వండి, కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక ఆపరేషన్. మూడో బిడ్డ ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పండి. చనుమొన కింద గ్రంథిని కాడతో కలిపి ఉంచితే చాలామంది పాలివ్వగలుగుతారు, కానీ పూర్తిగా సరిపడా వస్తాయని ముందే హామీ ఇవ్వలేం.

ఇబ్బందులు దాచను. లంగరు ఆకారంలో నిలువు, అడ్డం కలిసే మూలలో కుట్టు విచ్చుకోవడం తరచుగా చూస్తాం, చాలావరకు డ్రెస్సింగ్‌లతో మానుతుంది. మొదటి రోజే ఒకవైపు ఒక్కసారిగా ఉబ్బి, బిగుసుకుపోయి, నొప్పి పెరిగితే లోపల రక్తం గడ్డకట్టినట్టు, ఫోన్ చేసి రేపు వస్తానని కూర్చోకండి. చనుమొన స్పర్శ కొందరికి తగ్గుతుంది, కొన్ని నెలలకు చాలామందికి తిరిగి వస్తుంది, కొద్దిమందికి రాదు. చనుమొనకు రక్తం చాలక దెబ్బతినడం అరుదు, కానీ సిగరెట్ తాగేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో ఆ ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్‌కి ముందు 4 వారాలు, తర్వాత 4 వారాలు పొగాకు ఏ రూపంలోనూ ఉండకూడదు, నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది, గమ్ అయినా ప్యాచ్ అయినా అంతే. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.

ఇక ఎడమది మీకు నచ్చిన సైజులోనే ఉంటే కుడిదొక్కటే తగ్గించే దారి కూడా ఉంది. చిన్న ఆపరేషన్, ఒకవైపే మచ్చ. కానీ మెడ నొప్పి, గాడులు, మడతలో పుండ్లు రెండు వైపులా ఉన్నాయని మీరే రాశారు కాబట్టి మీకు అది సగం పనే అవుతుంది. పైగా చేసినది, చేయనిది వయసుతో ఒకేలా జారవు.

రెండో సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. కుడి, ఎడమ కొలతలు రెండూ చూపించమని, చిన్నవైపు ఎంత మిగులుస్తారో, ఏ కాడ వాడతారో, కుడివైపు చుక్క ఎక్కడ పెడతారో, అక్కడే ఎందుకో అడగండి, మీలాగే తేడా ఉన్నవాళ్ల ఆపరేషన్ ముందు, తర్వాత ఫోటోలు ఉంటే చూడండి, ఏడాది తర్వాతవి కావాలి, రెండు వారాలవి కాదు. మొదటి కొన్ని వారాలు వాపుతో రెండూ ఇష్టం వచ్చినట్టు కనిపిస్తాయి, ఒకవైపు ముందు దిగుతుంది, ఇంకోవైపు బిగుసుకుని ఉంటుంది, ఆ టైమ్‌లో అద్దం ముందు టెన్షన్ పడి ప్రయోజనం లేదు. 4 నుంచి 6 వారాలు బరువులు ఎత్తకూడదు, పిల్లల్ని కూడా, దానికి ఇంట్లో ముందే ఏర్పాటు చేసుకోండి. సపోర్ట్ బ్రా డాక్టర్ చెప్పినన్నాళ్లు వేసుకోండి, కొత్త సైజు బ్రాలు ఒకేసారి కొనేయకుండా కనీసం 3 నెలలు ఆగండి. అప్పటికీ తేడా కనిపిస్తే సవరింపు మాట ఏడాది నిండాకే, అది కూడా చాలాసార్లు లోకల్ మత్తులో అయిపోయేంత చిన్న పనే.